పై అంతస్తు నుంచి వంత

మా బాపు ఒగ్గు కథ చెబుతాడు. పక్కన వంత నాది. ఆయన ఒక పాదం అన్నాక నేను అందుకోకపోతే కథ అక్కడే ఆగిపోతుంది. జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్లాం అలిగినా నా వంత ఒక్కనాడూ తప్పలేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను.

పోయిన ఏడు భైంసాలో కథ మధ్యలో కరెంటు పోయింది. మైకు ఆగిపోగానే వెనక వరసలవాళ్లు "వినవడ్తలేదు" అని లేచి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి బాపు కథలు ఒప్పుకోవడం మానేశాడు.

"గొంతు వోయింది కొడుకా. ఇగ వయసు పోరగాండ్లు చెప్పుకోనీ," అన్నాడు. చెన్నూరు నుంచి మనుషులొచ్చి బతిమాలినా కదల్లేదు. ఆయన గొంతుకు ఏమీ కాలేదని నాకు తెలుసు. మైకులొచ్చాక జనం చెవులకే బద్ధకం పట్టింది.

ఇటలీలో నర్సుగా పనిచేస్తున్న చెల్లె మమ్మల్ని పిలిపించుకున్నది అప్పుడే. తానుండే పట్నంలో పాతకాలపు ఒపెరా హౌస్ చూపించడానికి తీసుకెళ్లింది. ఎర్ర మఖమల్ కుర్చీలు, గోడల వెంట పైకప్పు దాకా బంగారు పూత అంతస్తులు.

"పావురాల గూళ్ల తీరుగున్నయి," అన్నాడు బాపు.

అన్నీ తిప్పి చూపించే ఆవిడ చెప్పిన మాటలు చెల్లె తెలుగులో చెప్పింది. ఇక్కడ మైకు పెట్టరట. పాడేవాళ్ల గొంతే చివరి అంతస్తు దాకా పోవాలట. బాపు ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం ఇంతకన్నా మంచి అదను దొరకదనిపించింది.

"మా బాపు పాడొచ్చునా అడుగు," అన్నాను చెల్లెతో. ఆవిడ నవ్వి వేదిక చూపించింది.

బాపు బూట్లు విప్పి, వేదికను తాకి కళ్లకద్దుకున్నాడు. "నువ్వు అన్నిట్ల పైకి పో. వినవడితె వంత ఇయ్యి. రాకుంటె కథ ముచ్చట ఇగ నా ముందర తియ్యకు."

"ఫికర్ జెయ్యకు బాపూ," అని మెట్లెక్కాను.

పై నుంచి ఆయన బొటనవేలంత కనిపించాడు. దేవుణ్ణి పిలిచే మొదటి పాదం ఎత్తుకున్నాడు. అరవలేదు. ఇంట్లో అవ్వను మంచినీళ్లు అడిగినంత నిమ్మళంగా మొదలుపెట్టి మెల్లగా పెంచాడు. ఒక్కో అక్షరం నా పక్కన కూర్చుని పలికినట్టు వినిపించింది. సంతోషానికి ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ వంత అందుకోవడమే మరిచాను.

కింద బాపు ఆగాడు. తలెత్తి నా వైపు చూశాడు. వంగి బూట్లు చేతిలోకి తీసుకున్నాడు.

అప్పుడు లేచింది నా వంత. చూపించే ఆవిడ ఉలిక్కిపడింది. బాపు బూట్లు కింద పెట్టి, ఏమీ జరగనట్టు రెండో పాదం అందుకున్నాడు. ఈసారి నేను తప్పలేదు.

కిందికి రాగానే నా మీద విరుచుకుపడ్డాడు. "గింత దూరమొచ్చి వంత మర్సినవురా? ఎంత పరేషాన్ జేసినవు!"

తర్వాత చెల్లె వైపు తిరిగాడు. "చెన్నూరోళ్లకు ఫోన్ కలుపు బిడ్డా. కథకు వస్తున్నమని చెప్పు. మైకు వెట్టొద్దని గూడ చెప్పు."