పోలమ్మ సంతకం

తొంభైల నాటి మాట. నాకు ఇరవై రెండేళ్లు. మాది పాకాల. పులికాట్ సరస్సు ఒడ్డున ఒక యానాదుల పల్లెలో ఆడవాళ్లకు చదువు చెప్పేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఆయిల్ కంపెనీ జీపు వచ్చింది. పల్లె మొత్తం నీళ్లు తోడుకునే ఇసుక చెలమ పక్కనుంచే పైపులైను వేస్తామంటూ కొలతలు మొదలుపెట్టారు. చేపలు పట్టి బతికే పోలమ్మ వెళ్లి కొలత టేపు మీదే కూర్చుంది. ఆమె వెనకే ఆడవాళ్లంతా చెలమ చుట్టూ కూర్చున్నారు.

"నూనె కారితే మేం ఏం తాగాల సారూ?" అంది పోలమ్మ.

"పోయిన నెలే అందరూ వేలిముద్రలు వేసి ఒప్పుకున్నారు కదా" అంటూ ఆఫీసరు ఒక కాగితం అక్కడే ఉన్న నా చేతికిచ్చి చదవమన్నాడు. నేను పైకి చదవడం మొదలుపెట్టాను.

"అందులో నా పేరుండాదా టీచరమ్మా?" అని అడిగింది పోలమ్మ.

"ఉంది. పక్కనే వేలిముద్ర కూడా ఉంది."

పోలమ్మ లేచి వచ్చి నా పెన్ను తీసుకుంది. కాగితం వెనక నెమ్మదిగా తన పేరు రాసింది.

"ఇది నా సంతకం. నేను ఏలిముద్ర మానేసి ఏడాదయ్యింది. ఆ ముద్రేసిన పోలమ్మ యాడుండాదో పిల్చుకోని రా సారూ."

అంతే, ఆడవాళ్లంతా పెన్ను కోసం ఎగబడ్డారు. ఆఫీసరు కాగితం మా చేతుల్లోనే వదిలేసి జీపెక్కాడు. ఆ కాగితమే పట్టుకుని అందరం కలెక్టరాఫీసుకు వెళ్లాం. కొన్నాళ్లకు లైను చెలమకు దూరంగా మళ్లింది.

ఆ రోజు పోలమ్మ తన పేరులో మ కింద ఒత్తు మరిచిపోయింది. టీచరుగా ఎన్నో తప్పులు దిద్దాను గానీ, దాన్ని దిద్దడానికి మాత్రం నాకు చేతులు రాలేదు.