చదివి వినిపించగా సరేనన్నది

1999 ఎండాకాలంలో నన్ను మడకశిర పక్క ఒక సరిహద్దు స్టేషనుకు రైటరుగా వేశారు. రైటరంటే కథలు రాసేవాడనుకునేరు. హోదాకు హెడ్ కానిస్టేబుల్. ఫిర్యాదులు, పంచనామాలు, వాంగ్మూలాలు అన్నీ అతని చేతి మీదుగానే కాగితమెక్కుతాయి. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పై ఆఫీసులో కూడా చెప్పుకునేవారు. ఆ పొగరు నాకు కొంచెం ఉండేది.

చేరిన నెలలోనే నాగప్ప అనే గొర్రెల కాపరి ఎండిపోయిన దిగుడుబావిలో పడి చనిపోయాడు. శవ పంచనామా, అంటే ఊరి పెద్దమనుషుల ఎదుట శవం ఉన్న తీరు రాసే తంతు, బావి గట్టునే జరిగింది. చుట్టూ ఏడుపులు. భార్య హనుమక్క రొమ్ము బాదుకుంటూ ఒకటే మాట అంటోంది. నేను విన్నది విన్నట్టు రాశాను: ‘నేనే చంపితి.’

మా ఎస్సై కొత్తవాడు. మొదటి హత్య కేసు దొరికిందని ఆయన ముఖం పెళ్లికొడుకులా వెలిగింది. హనుమక్కను స్టేషనులో కూర్చోబెట్టి, కొట్టకుండా తిట్టకుండా, మర్యాదగానే అడిగాడు: ముందు నుంచి తోశావా, వెనక నుంచా? అసలు తోయలేదని కూడా చెప్పొచ్చని ఆమెకెవరూ చెప్పలేదు.

“ఏమో సార్, యెనక నుంచే అయింటాది” అంది.

రాశాను. పద్ధతి ప్రకారం చదివి వినిపించాను. చివర ‘చదివి వినిపించగా విని సరియని చెప్పినది’ అని రాస్తే వాంగ్మూలం పూర్తయినట్టు. మధ్యాహ్నానికి ఆమెకు నాగప్ప తువ్వాలు రంగు గుర్తొచ్చింది. సాయంత్రానికి అతని వీపు చెమట తన రెండు చేతులకూ తగలడం గుర్తొచ్చింది. చదివిన ప్రతిసారీ తల ఊపింది. నా దస్తూరి కూడా ఆ రోజు మహా బాగా కుదిరింది.

మరునాడు ఆమెను హత్య నేరం మీద కోర్టుకు పంపాలి. కాగితాలు కడుతుండగా ఆమె అత్త వచ్చింది. కొడుకు పోయిన మనిషి, కోడలి మీద నిప్పులు చెరుగుతుందనుకున్నాం. చేతికర్ర నేలకేసి కొట్టి ఎస్సైనే నిలదీసింది.

“ఏమప్పా, మీకేమన్నా మతి ఉండాదా? నా కొడుకు బాయిలో పడినప్పుడు ఇది ఇంట్లో నా కాళ్లకు నూనె రాస్తాండె. గొర్రెలకు నీళ్లు లేవు, బాయిలో ఏమన్నా ఊరిందేమో చూసిరా పో అని ఇదే వాణ్ణి పంపె. అదే చెప్పుకోని ఏడుస్తాండాది, నేనే పంపితి, నేనే పంపితి అని!”

ఎస్సై నా వైపు చూశాడు, నేను కాగితం వైపు చూశాను. ఇరుగుపొరుగు కూడా అత్త మాటే చెప్పారు. సిగ్గుతో చచ్చిపోయాను. ‘చ’ కొట్టేసి ‘ప’ రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. ప్రమాదమని కేసు మూసేశారు. పై అధికారి మెమో ఇస్తాడని భయపడ్డాను. దిద్దుబాటు శుభ్రంగా ఉందన్నాడాయన.

చిక్కల్లా హనుమక్కతోనే వచ్చింది. వదిలేశాం పొమ్మంటే కదల్లేదు.

“మీరే సదివితిరి కదా సార్, చంపితి అని. సదువుకున్నోళ్లు తప్పు రాస్తారా?” అంది. అత్త రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

2006లో మడకశిర బస్సులో కనిపించింది. నేనే పలకరించి, ఆ పొద్దు తప్పు నాదేనమ్మా అన్నాను. ఏడేళ్లు నోట్లో నానిన మాట అది. ఆమె కోపగించుకోలేదు.

“మీరు కాగితం దిద్దుకుంటిరి సార్. నా చేతులకు ఇంగా ఆయప్ప వీపు తెలుస్తానే ఉండాది” అని, తన స్టాపు రాగానే దిగిపోయింది.

ఆ కేసు తర్వాత ఏ వాంగ్మూలాన్నీ నేను ముందుగా చదివి వినిపించలేదు. చెప్పినవాళ్ల చేతే మళ్లీ మొదటి నుంచి చెప్పించి, దానితో కాగితాన్ని సరిచూసేవాణ్ణి. రైటరు పనిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. ఇంతకూ బావి గట్టున ఆమె ఏమందని ఇవాళ నన్నడిగితే, తప్పు నాదని తెలిసి కూడా, నా చెవికి ‘చంపితి’ అనే వినిపిస్తుంది.