ప్రాసెసర్‌కు పెట్టిన బొట్టు

తొండుపల్లిలో సుమలతకు ‘ఇంటి ప్లాన్ల పిల్ల’ అని పేరు. పేరైతే వచ్చింది గానీ, సివిల్ డిప్లొమా చేసిన ఆ ఇరవై ఆరేళ్ల పిల్ల అప్పటిదాకా గీసినవన్నీ ప్రహరీ గోడలు, మేడమీద ఒంటి గదులు, ఒకసారి ఒక బర్రెల కొట్టం. పూర్తి ఇల్లు ఎవరూ ఆమె చేతిలో పెట్టలేదు. మంఖాల్ ఊరి ఐలయ్య పెడతానన్నాడు, కాకపోతే ఒక మెలిక పెట్టాడు.

“కాయితం మీద గీతలు మా ఇంట్ల ఎవ్వలకు సమజ్ గావు బిడ్డా. ఇంట్లకు నడిచిపోయినట్టు చూపియ్యాలె. ఆదివారం నాలుగింటికి వస్త. నచ్చితే పని నీదే. లేకుంటే శంషాబాద్‌ల ఇంజినీర్ తానికి పోత.”

ఇల్లు గీయడం సుమలతకు వెన్నతో పెట్టిన విద్య. అడ్డం పడింది లాప్‌టాప్. పాలిటెక్నిక్‌లో చేరినప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. తెరమీద ఇంటిని ఒక్క చుట్టు తిప్పమంటే సగం తిరిగి, ఆయాసపడి, మనం చాయ్ తాగొచ్చాక మిగతా సగం తిరిగేది. ఐలయ్య ముందు అది అలా మొరాయిస్తే అంతే సంగతులు.

అయితే పాతదానికీ ఒక సుగుణం ఉంటుంది. ఇప్పటి లాప్‌టాపుల్లో ప్రాసెసర్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు. సుమలతదాంట్లో మాత్రం అది సాకెట్‌లో కూర్చుని ఉంటుంది, తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. పైగా అదే మోడల్‌ను కంపెనీ ఒకప్పుడు ఇంకా వేగమైన ఐ7 ప్రాసెసర్‌తో కూడా అమ్మిందని ఆమె వెతికి పట్టుకుంది. ఆ సంగతి తెలిసిన రోజు అన్నం సహించలేదంటే నమ్మండి. శనివారం సికింద్రాబాద్ పోయి, పాత కంప్యూటర్ల దుకాణంలో ఆ ఐ7 ముక్కను కొని, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన డబ్బాలో తెచ్చుకుంది. బస్సులో వస్తున్నంతసేపూ దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల మధ్య పట్టుకుంది.

ఆదివారం పొద్దున నట్టింట్లో బండలమీద పని మొదలైంది. తండ్రి జంగయ్యకు ఆరోజు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో డ్యూటీ లేదు. పొలాలున్న రోజుల్లో ఊరి బోరు మోటార్లన్నీ విప్పింది ఆయనే. చాక్‌పీసుతో నేలమీద లాప్‌టాప్ ఆకారం గీశాడు.

“ఏ ఇస్క్రూ యాడికెల్లి తీస్తే గీ బొమ్మల గాన్నే పెట్టు. మల్ల పరేషాన్ ఉండది.”

పదకొండు స్క్రూలూ బొమ్మలో బుద్ధిగా కూర్చున్నాయి. ఫ్యాన్ పైకి లేచింది. ప్రాసెసర్ వేడిని లాగడానికి పూసే పేస్టు ఎండిపోయి ఉంటే దాన్ని సుమలత స్పిరిట్‌తో తుడిచి, సాకెట్ పక్కనున్న మరను సగం తిప్పగానే పాత ప్రాసెసర్ పైకొచ్చింది. కొత్తదాన్ని తిరగేసి చూసుకుంది. అడుగున వందల కొద్దీ బంగారు రంగు సూదులు, ఒక్కటి వంగినా పని గోవిందా. అన్నీ నిటారుగా ఉన్నాయి. మళ్లీ డబ్బాలో పెట్టింది.

అప్పుడే ఫోన్ మోగితే, నెత్తిమీద విమానం మోతకు ఒక చెవి మూసుకుని వాకిట్లోకి పోయింది. ఐలయ్య.

“మా అమ్మ గూడ వస్తనంటున్నది. ఆమె ఊకొడితేనే ఇల్లు.”

సుమలత గబగబా లోపలికొచ్చి, ముక్కను అంచులు పట్టి తీసి, మూలన ఉన్న గుర్తు సరిచూసి సాకెట్‌లో కూర్చోబెట్టింది. మర తిప్పి, కొత్త పేస్టు పెట్టి, అన్నీ బిగించి బటన్ నొక్కింది. లైటు వెలిగింది, ఫ్యాన్ తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. మళ్లీ నొక్కినా అంతే. అప్పటికి ఒంటిగంట.

“ముక్కనే ఖరాబున్నట్టుంది బాపు,” అంది.

“గట్లెట్లంటవ్? మోటర్ నీళ్లెత్తలేదంటే ముందుగాల మన చెయ్యి చూసుకోవాలె. విప్పు.”

గుమ్మంలో నిలబడ్డ తల్లి ముత్తమ్మ మెల్లగా అంది. “బొట్టు గూడ పెట్టిన గదనే. ఎందుకు నడుస్తలేదు?”

సుమలత చేతులు ఆగిపోయాయి. ఆ ఇంట్లో గ్రైండర్ గానీ గ్యాస్ పొయ్యి గానీ పసుపు కుంకుమ లేకుండా నడిచిన దాఖలా లేదు. ఆ సంగతి తెలిసీ మరిచిపోవడం సుమలత తప్పే. ఆమె వాకిట్లోకి పోయిన ఆ రెండు నిమిషాల్లో ముత్తమ్మ డబ్బా తెరిచింది.

“యాడ పెట్టినవే అమ్మా?”

“ఒక దిక్కు బోసిగుంది. ఇంకో దిక్కు బంగారమున్నది. గదే మొఖమనుకొని పెట్టిన.”

బంగారు సూదుల మధ్య తడి పసుపు, దానిమీద కుంకుమ! సుమలతకు కోపం వచ్చింది, ఆ వెంటనే పట్టరాని సంతోషం వచ్చింది. ముక్క పాడవలేదు కదా, మురికైంది, అంతే. మళ్లీ విప్పారు. జంగయ్య టార్చి పట్టుకున్నాడు. కొత్త టూత్‌బ్రష్‌ను స్పిరిట్‌లో ముంచి ఒక్కో వరుసా సుమలత తుడిచింది, సాకెట్‌లో రాలిన పసుపునూ దులిపింది. ముత్తమ్మ విసనకర్రతో ఆరబెట్టింది.

అన్నీ మళ్లీ బిగించి మూడుంబావుకు బటన్ నొక్కారు. తెరమీద కంపెనీ గుర్తు తళుక్కుమంది.

“ఎత్తింది,” అన్నాడు జంగయ్య, బోరులో నీళ్లు పడ్డప్పటి గొంతుతో. సుమలత ఐలయ్య ఇంటిని తెరిచి గిర్రున తిప్పింది. ఎక్కడా ఆగలేదు. ఇంకోసారి తిప్పింది. ఆ తర్వాత అవసరం లేకపోయినా పదిసార్లు తిప్పింది.

నాలుగింటికి ఐలయ్య తల్లి రుక్మిణమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. తెరమీద గేటు తెరుచుకుంది, అరుగు దాటారు, తలుపు ముందుకు చేరారు. ముసలామె చెయ్యెత్తి ఆపింది.

“గడపకు పసుపు లేదేంది? జర పసుపు తే చెల్లె.”

ముత్తమ్మ అలవాటుగా లేవబోయి, కూతురి ముఖం చూసి కూర్చుండిపోయింది.

“ఉండవ్వా, నేను పెడత,” అంది సుమలత. పాత ప్రాసెసర్ అయితే రంగు మార్చమంటే అలిగి కూర్చునేది. ఇప్పుడు చిటికెలో గడప పసుపుపచ్చగా మారింది. దానిమీద వరసగా ఎర్రటి బొట్లు పడ్డాయి.

రుక్మిణమ్మ వంగి తెరమీది గడపను వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. అప్పుడు గానీ లోపలికి పోనివ్వలేదు. గదులన్నీ తిరిగొచ్చాక కొడుకును పట్టించుకోకుండా సుమలతనే అడిగింది.

“జాగల పునాదికి ముగ్గెప్పుడు పోస్తవ్ బిడ్డా?”