అయిదు ఓట్లు మోసుకుని ఆల్ స్టార్ ఆటకు

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి డెట్రాయిట్‌లో విమానం ఎక్కాను. ఆ సాయంత్రం డాలస్ దగ్గర బేస్‌బాల్ ఆల్ స్టార్ ఆట ఉంది. అన్ని జట్లలోంచి మేటి ఆటగాళ్ళను ఏరి ఆడించే ఆట అది. అందరూ చూడటానికి వెళ్తారు. నేను మా బామ్మర్దికి సారీ చెప్పడానికి వెళ్ళాను.

సంగతేమిటంటే, ఆ ఆటలో మొదట దిగేవాళ్ళను అభిమానులే ఆన్‌లైన్ ఓట్లతో ఎన్నుకుంటారు. ఒక్కో ఈమెయిల్‌కి రోజుకు అయిదు ఓట్లు, ఒక్కో ఓటులో అన్ని స్థానాలకూ పేర్లు ఎంచుకోవచ్చు. వీసా అడగరు, గ్రీన్‌కార్డు అడగరు. పదహారేళ్ళుగా ఇక్కడ పన్నులు కడుతూ, స్కూల్ బోర్డుకు కూడా ఓటు వేయలేని మాబోటివాళ్ళం ఇలాంటి అవకాశం వదులుకుంటామా? డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు చర్చి మగవాళ్ళమంతా వాట్సాప్‌లో బూత్ కమిటీలు వేశాం. మా అభ్యర్థి డెట్రాయిట్ షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి బంతిని ఆపేవాడు. డాలస్ దగ్గర కాపెల్‌లో ఉండే మా బామ్మర్ది సుధాకర్ టెక్సస్ షార్ట్‌స్టాప్ పక్షం. ఓటింగ్ చివరి రోజుకు ముందు రాత్రి వాడు వాళ్ళక్కను, అంటే నా భార్య సలోమిని, ఓటు అడిగాడు. పొద్దున ఆమె లేవకముందే నేను ఆమె ఈమెయిల్ కొట్టి అయిదు ఓట్లూ డెట్రాయిట్‌కి గుద్దేశాను.

మధ్యాహ్నం ఆమె పేజీ తెరిస్తే ఆ రోజు ఓట్లు అయిపోయాయని వచ్చింది. అమాయకంగా తమ్ముడికి చెప్పింది. వాడు ఫ్యామిలీ గ్రూపులో "బావ రిగ్గింగ్ చేశాడు" అని రాసి, గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. మావాడు గెలిచాడు. సుధాకర్ మూడు వారాలుగా నాతో మాట్లాడలేదు, వాళ్ళక్క ఫోన్ కూడా ఎత్తలేదు. "వెళ్ళి సారీ చెప్పి, వాడిచేత నాకు ఫోన్ చేయించండి. చేయించకుండా రావద్దు" అని సలోమి నాకు విమానం టికెట్ బుక్ చేసింది. ఆట టికెట్ సుధాకర్ మా మధ్య మాటలున్న రోజుల్లోనే కొని పెట్టాడు.

విమానంలో పక్క సీటు పెద్దాయన టొలీడోలో రిటైరైన స్కూల్ టీచరు. ఆయనా ఆటకే వస్తున్నాడు. "ఈ ఓట్లు పెట్టడమే తప్పు. ఎవరు బాగా ఆడతారో జనానికేం తెలుసు?" అన్నాడు. మా దేశంలో కూడా చదువుకున్నవాళ్ళు ఓట్ల గురించి ఇదే అంటారని చెప్పాను. ఆయన సంతోషించి తన బిస్కెట్లు నాకిచ్చాడు.

తొమ్మిదికి దిగాను. సుధాకర్ ఎయిర్‌పోర్టుకు రాలేదు. అరగంట ఆగి టాక్సీ ఎక్కాను. కాపెల్‌లో వాడి భార్య కరుణ తలుపు తీసి, పెసరట్టు వేసి, "ఆయన మీటింగ్‌లో ఉన్నారన్నయ్యా" అంది. ఆ మీటింగ్ మూడింటిదాకా సాగింది. పక్కగదిలోంచి టీవీలో బేస్‌బాల్ చర్చ నాకు స్పష్టంగా వినిపిస్తూనే ఉంది.

మూడున్నరకు వాడి స్నేహితుడు నర్సింగ్ ఫ్రిస్కో నుంచి కారు తెచ్చాడు. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక మాట. స్టేడియానికి కారు తప్ప వేరే దారి నాకు కనిపించలేదు. పార్కింగ్ ముందే బుక్ చేసుకోండి, అది కూడా ఒక టికెట్టంత ఉంటుంది. సుధాకర్ ముందు సీట్లో కూర్చుని, నాతో చెప్పవలసినవన్నీ నర్సింగ్‌తో చెప్పాడు.

"నర్సింగ్, కొన్ని ఊళ్ళలో ఇంట్లో ఆడాళ్ళ ఓట్లు కూడా మగాళ్ళే వేసేస్తారంట, తెలుసా?"

"నన్నెందుకు గెలుకుతవ్ భై," అన్నాడు నర్సింగ్. తర్వాత అద్దంలో నన్ను చూసి, "అన్నా, నాకైతె పర్మనెంట్ టీమ్ లేదు. ప్రాజెక్ట్ ఏడుంటె గా ఊరి టీమే నా టీమ్. కాంట్రాక్ట్ రెన్యూ అయితె టెక్సస్, కాకుంటె అట్లాంటా" అన్నాడు. ఆ కారులో తెలివైనవాడు అతనొక్కడే.

దారిలో రేడియో చెప్పింది: పొద్దున ప్రాక్టీసులో డెట్రాయిట్ షార్ట్‌స్టాప్ మణికట్టు పట్టేసింది, అతని బదులు టెక్సస్ వాడు దిగుతాడు. నాకు దొంగకు తేలు కుట్టినట్టయింది. సుధాకర్ ఎగిరి గంతేస్తాడనుకున్నాను. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇది గెలిచిన సీటు కాదు, ఖాళీ అయిన సీటు" అన్నాడు.

గేటు దగ్గర లోపలి వస్తువులు కనిపించే సంచులనే రానిస్తున్నారు. ఎందుకైనా మంచిదని, కరుణ కట్టిచ్చిన చికెన్ పకోడీ ముగ్గురం ఎండలో నిలబడే ముగించాం. లోపల పైకప్పు మూసి ఏసీ వేశారు, హాయిగా ఉంది. ఏడు దాటాక ఆట మొదలైంది. మా ముందు వరుసలో కౌబాయ్ టోపీ పెద్దాయన ఒకడు వెనక్కి తిరిగి, "ఆ డెట్రాయిట్ కుర్రాడు రాకపోవడమే మంచిదైంది. వాడు ఆటతో రాలేదు, ఓట్లతో వచ్చాడు" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు సుధాకర్ లేచాడు. డెట్రాయిట్ వాడు ఈ సీజన్‌లో ఏం కొట్టాడో, ఏం ఆపాడో, తన టెక్సస్ వాడికన్నా ఎందుకు ఒక మెట్టు పైనో ఇంగ్లీషులో పది నిమిషాలు వాయించాడు. పెద్దాయన టోపీ తీసి, తల గోక్కుని, ముందుకు తిరిగిపోయాడు. సుధాకర్ కూర్చుని, నా వైపు చూడకుండా, "మీ వాణ్ణి తిడితే నేను తిట్టాలి బావా. వీడెవడు?" అన్నాడు.

"నేను చేసింది తప్పేరా. సారీ" అన్నాను. ఆ మాట ఇంత తేలిగ్గా వస్తుందని తెలిస్తే విమానం ఖర్చు లేకుండా ఫోన్లోనే అనేవాణ్ణి.

వాడు కోక్ గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగాడు. "బావా, మా చర్చి ప్రేయర్ లిస్ట్ నేనే మెయింటెయిన్ చేస్తా. ఈమెయిళ్ళన్నీ నా దగ్గరే ఉంటాయి."

"ఎంతమందివి వేశావు?"

"అందరివీ. ఉపవాస ప్రార్థనల వారం మొత్తం."

ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం. అక్కడినుంచే వాడు సలోమికి ఫోన్ చేసి, "అక్కా, బావా నేనూ ఒకటైపోయాం" అన్నాడు. ఆమె, "మంచిది. అన్నం తిన్నారా?" అని మాత్రం అడిగి పెట్టేసింది. ఎవరు గెలిచారో అడగకండి. ఆ తర్వాత మేం ఆట చూడలేదు, వచ్చే ఏడాది షార్ట్‌స్టాప్ గురించి వాదించుకుంటూ కూర్చున్నాం.

బుధవారం పదింటికి సుధాకరే నన్ను ఎయిర్‌పోర్టులో దింపి, కావలించుకుని వెళ్ళాడు. గేటు దగ్గర కాఫీ పట్టుకుని సలోమికి ఫోన్ చేశాను. చెప్పిన పని పూర్తి చేశానని, మెచ్చుకోమని.

"ఇద్దరూ రాజీ పడ్డారు, సంతోషం," అంది. "వాడు నన్ను ఓటు అడిగాడు. మీరు వేసేశారు. నేనెవరికి వేద్దామనుకున్నానో ఒక్కళ్ళయినా అడిగారా?"

"ఎవరికి?" అన్నాను.

క్లీవ్‌లాండ్ ఔట్‌ఫీల్డర్, అంటే మైదానం చివర నిలబడి బంతులు పట్టేవాడు, ఒకాయన పేరు చెప్పింది. ఈ ఏడాదితో ఆట మానేస్తున్న ముసలాయన. "మనం మొదట క్లీవ్‌లాండ్‌లో దిగాం కదండీ. మీరు ఆఫీస్‌కి వెళ్ళిపోయేవాళ్ళు. నాకేమో హెచ్-ఫోర్ వీసా, భార్యగా వచ్చినదాన్ని, ఉద్యోగం చేయకూడదు. కారు లేదు, తెలిసినవాళ్ళు లేరు. టీవీలో రోజూ ఆయన ఆటే వచ్చేది. అప్పుడు ఆయనా కొత్తే, నేనూ కొత్తే. ఆఖరిసారి ఆయనకొక ఓటు వేద్దామనుకున్నా. షార్ట్‌స్టాప్‌కి మీ ఇష్టమొచ్చినవాణ్ణి పెట్టుకోండి, నాకేం? అదే బ్యాలెట్‌లో ఆయన పేరు కూడా ఉంది."

ఆయన ఎంపిక కాలేదని నాకు తెలుసు. నిన్నటి ఆటలో ఆయన లేడన్న సంగతి మా ముగ్గురిలో ఎవరమూ గమనించలేదు.

విమానం పదకొండున్నరకు కదిలింది. ఆల్ స్టార్ ఆట ఒకసారి చూడదగ్గదే. ఏర్పాట్లు బాగున్నాయి, జనం మర్యాదస్తులు, పకోడీ బయటే తినేయాలి. సలోమి బేస్‌బాల్ చూస్తుందని పదహారేళ్ళలో నాకు తెలియలేదు. సారీ చెప్పవలసిన మనిషిని ఇంట్లో ఉంచి, నేను వెయ్యి మైళ్ళు వెళ్ళి ఇంకొకరికి చెప్పి వస్తున్నాను.