ఎడమ పక్క ఫోల్డర్లు

అమలాపురంలో నేను పనిచేసే కాలేజీ ఆఫీసులో ఒక పాత కంప్యూటర్ నాకిచ్చారు. దాన్ని ఆపినప్పుడల్లా ఫైల్ మేనేజర్లో ఎడమ పక్కన నేను పిన్ చేసుకున్న ఫోల్డర్లన్నీ పోయేవి. మా సూపరింటెండెంటు గారికి, ఆవిడకి, దాన్ని సరిచేయడం తెలుసు. కానీ ఒకరిని అడగడం మా ఇంట్లో నేర్పలేదు. తాతగారి కొబ్బరితోటలు పోయాయి గాని ఆ బింకం పోలేదు. ఫోల్డర్లు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, సర్టిఫికెట్ల కోసం వచ్చిన జనాన్ని కిటికీ దగ్గర నిలబెట్టేవాణ్ణి.

"ఏవండీ బాబుగారూ, మావాడి సర్టిఫికెట్ ఇంకా పండలేదాండీ?" అన్నాడు కిటికీ దగ్గర ఒక తండ్రి. అందరూ నవ్వారు. సూపరింటెండెంటు గారు నవ్వలేదు.

మర్నాడు కంప్యూటర్ తెరవగానే ఫోల్డర్లన్నీ వరసగా కనిపించాయి. లాగిన్ కాగానే వాటిని పిన్ చేసే చిన్న స్క్రిప్టు ఆవిడ రాసి పెట్టారు.

"నావీ పోతున్నాయండీ, విసుగొచ్చి రాసేను. పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో కాస్త మీరు చూసి పెడుదురూ," అన్నారు అందరికీ వినబడేలా.

ఆవిడ కంప్యూటర్లో ఏ ఫోల్డరూ పోదని నాకు తెలుసు. సాయం చేసి, తానే సాయం అడిగారు.

"ఆయ్, చూస్తానండీ," అన్నాను, కుర్చీలోంచి లేచి నిలబడి.