తెర మీద లచ్చవ్వ చేను

జగిత్యాల జిల్లా అయిన కొత్తలో, ఓ వానాకాలం చివర, నన్ను మల్యాల మండలానికి సహాయ గణాంక అధికారిగా వేశారు. పేరు పెద్దది, పని పంట కోత ప్రయోగం. చేనుకు నైరుతి మూలన నిలబడి, పైనుంచి వచ్చిన అంకెల ప్రకారం అడుగులేసుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఐదు మీటర్ల చదరం తాడుతో కట్టి, అందులోని పంట కోసి తూచాలి. మంచి జాగా, చెడ్డ జాగా అని ఏరుకునేది లేదు. దిగుబడి పడిపోయిందని ఈ తూకాలతో తేలితేనే రైతులకు బీమా వస్తుంది.

ఆ ఏడు మక్కజొన్నను కత్తెర పురుగు తినేసింది. మాకు మిగిలిన చివరి చేను లచ్చవ్వది. భర్త పోయాక ఒంటిగా సేద్యం చేస్తున్న మనిషి. పొద్దున్నే పోయాను. మంచులో కొండగట్టు సగమే కనబడుతోంది. ఎండిన మక్క ఆకులు గలగలమంటుంటే ఎవరో చేను లోపల నెమ్మదిగా తిరుగుతున్నట్టే ఉంది. ఆమె బోరు పక్కన పచ్చటి మూలను ఊడ్చినట్టు శుభ్రం చేసి పెట్టింది.

"గీడ కొయ్యున్రి సారూ, గీడ కంకులు మంచిగున్నయి," అంది.

మా వైపు రైతులందరికీ ఉన్న అలవాటే ఇది. సర్కారు మనిషి ఇంటికొచ్చిన చుట్టం లెక్క. చుట్టానికి మాడిన బువ్వ పెడతారా? ఈ మర్యాదకే బీమా పోతుందయ్యా అంటే వినరు, నాకేమో ఒళ్లు మండేది. అంకెలు చెప్పిన చోటుకే పోయాను. అక్కడ కంకులకు గింజే లేదు.

తూకం చూసి లచ్చవ్వ గట్టు మీద కూలబడింది. "మగదిక్కు లేనిదాని సేద్యం గింతే అంటరు సారూ. ఇగ మీరు కాయితం మీద గూడ ఎక్కిచ్చిన్రు." ఆ మాటతో నా కోపమంతా చప్పబడిపోయింది.

నా సంచిలో గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ ఉండేది, కోఠిలో పాతది కొన్నాను. మండలంలో నిరుటి తూకాలు ఒక వరుసలో, ఈ ఏటివి ఇంకో వరుసలో ఎక్కించి ఉన్నాయి. ఆమెది కూడా చేర్చాను. ఆ యంత్రం ఇష్టానికి వదిలేస్తే ఏ లెక్కనైనా తెర నిండా సాగదీస్తుంది, పాడు పంట కూడా నిండుగానే కనబడుతుంది. అందుకే రెండేళ్లకూ ఒకటే కొలత పెట్టి మీట నొక్కాను. ఎడమ నుంచి కుడికి పోయేకొద్దీ తూకం పెరుగుతుంది, ఒక్కో తూకం ఎన్ని చేన్లలో వస్తే దాని కడ్డీ అంత ఎత్తు. బూడిదరంగు తెర మీద నిరుటి కడ్డీలు కుడివైపున ఒక్కొక్కటే, తొందర లేకుండా లేచాయి. తర్వాత ఈ ఏటివి. అన్నీ ఎడమ అంచుకు జరిగిపోయాయి. కుడివైపు పొగమంచంత ఖాళీ.

లచ్చవ్వ వంగి చాలాసేపు చూసింది. "గిండ్ల నాదేది?"

"గీ కడ్డీల ఉన్నది, ఇంక శానమందితోని. విడిగ కనవడది," అన్నాను.

"మగోళ్లయి గూడ గిండ్లనే ఉన్నయా?"

"అన్నీ గిండ్లనే."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "అయితే రాయున్రి సారూ. ఉన్నదున్నట్టే రాయున్రి."

ఆ ఏడు బీమా వచ్చింది. గ్రాఫు పై అధికారులకు పంపే కాయితమనే నేను అప్పటిదాకా అనుకున్నాను. పోయిన పంట తన ఒక్కరి చేతగానితనం కాదని ఆ పంట వేసిన మనిషికి ముందుగా తెలియాలి. ఆ తర్వాతే తూకం కాయితం మీద నేను సంతకం పెట్టాలి.