లోతు చాలని వ్యాసం

నా వ్యాసాన్ని తిప్పి పంపిన పరిశోధన పత్రికకు మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందుకే ఒక పెద్దాయన్ని ఇక్కడ తలుచుకుంటున్నాను. తిరుపతి సదస్సుల్లో ఎవరేం చదివినా, కళ్లద్దాలు తుడుచుకుంటూ "లోతు సాల్దప్పా" అనే పెద్దాచార్యుడు ఆయన. నగరి మగ్గాల మీద నా వ్యాసం అచ్చయితేనే నాకు పదోన్నతి. వ్యాసం చదివి తీర్పు చెప్పే పరిశీలకుడి పేరు రహస్యమే. కానీ ఏడాది తర్వాత తపాలాలో తిరిగొచ్చిన వ్యాసం మీద ఆ మాటే ఉంది.

ఆ రోజే ఇంట్లో ఆర్నెల్లుగా కారుతున్న కొళాయిని బాగుచేశాను.

"దీనికైనా లోతు సాలిందా సారూ?" అని నా భార్య నవ్వింది.

నేను చేతులు తుడుచుకుని వ్యాసం తిరగేశాను. పంపేముందే నాలుగో పుటనూ ఐదో పుటనూ చుక్క బంకతో అంటించాను. అవి ఇంకా అంటుకునే ఉన్నాయి. అయ్యా, విప్పని పుటల లోతు ఎట్లా కొలిచారు? జవాబు మీరే చెప్పాలి.